కారు డిక్కీలో ఏ పనిముట్లు ఉండాలి: నేను ఉంచినవి, తీసేసినవి

కారుతో పాటు కంపెనీ ఇచ్చేవి సాధారణంగా మూడే: జాకీ, దాన్ని తిప్పే రాడ్డు, ఎల్ ఆకారపు వీల్ పానా. వాటికి తోడు ఇంకేం పెట్టుకోవాలో తేల్చుకోవడానికి నేను పనిముట్ల జాబితాతో మొదలుపెట్టలేదు. కారు రోడ్డు మీద దేనివల్ల ఆగిపోతుందో ముందు రాసుకున్నాను: టైరు, బ్యాటరీ, ఫ్యూజు, ఇంజను వేడెక్కడం, ఊడొచ్చే పైపో బంపరో. క్లచ్ ప్లేటు, ఫ్యూయల్ పంపు, టైమింగ్ బెల్టు కూడా రాసి కొట్టేశాను. అవి పోతే నూట ఎనిమిది ముక్కల సాకెట్ సెట్టు చేతిలో ఉన్నా రోడ్డు పక్కన చేసేదేమీ లేదు, టోయింగ్ బండిని పిలవాల్సిందే.

తర్వాత చూసుకున్నది దారి. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏ ఊరి మొదట్లోనైనా పంక్చర్ షాపు కనిపిస్తుంది, 1033కి ఫోన్ చేసి సాయం అడగొచ్చు. శ్రీశైలం దారి అలా కాదు. మన్ననూరు దాటితే నల్లమల అడవి, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీశాఖ చెక్‌పోస్టు మూసేస్తారు కాబట్టి వెనక నుంచి బండి వస్తుందన్న ఆశా ఉండదు. ఆ దారికి సరిపోయే సామాను ఊళ్లో తిరగడానికి ఎలాగూ సరిపోతుంది.

డిక్కీలో సగం చోటు టైరుకే పోయింది, పోవాలి కూడా. అన్నిటికంటే ముందు మార్చాల్సింది కంపెనీ ఇచ్చిన ఎల్ పానా. దాని పొడవు పాతిక సెంటీమీటర్లు అనుకుంటే, నలభై కిలోల బలంతో తొక్కినా నట్టు మీద పడే తిప్పుడు బలం దాదాపు 100 న్యూటన్ మీటర్లే. చిన్న కార్ల నట్లు బిగించాల్సింది కూడా దాదాపు అంతే. కానీ పంక్చర్ షాపులో గాలి గన్నుతో టర్రుమని బిగించేది అంతకు మించిపోతుంది, దానికి తుప్పు తోడవుతుంది. అందుకే అరవై సెంటీమీటర్ల బ్రేకర్ బార్ (బిగుసుకున్న నట్లు విప్పే పొడవాటి రాడ్డు), దాని కొసకు తగిలించి నట్టు మీద తొడిగే లోతైన సాకెట్ ఒక్కటే పెట్టాను. అదే నలభై కిలోలకు ఇది 235 దాకా ఇస్తుంది. సాకెట్ ఆరు మూలలది కావాలి. పన్నెండు మూలలది గట్టి నట్టు మీద జారి అంచులు తినేస్తుంది. సైజు కారును బట్టి ఉంటుంది: మారుతీ చిన్న కార్లకు 19, హ్యుందాయ్‌కి 21, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బోల్టులకు 17 మిల్లీమీటర్లు. బోల్టులుండే కార్లలో చక్రాన్ని తగిలించడానికి స్టడ్లు, అంటే బయటకు పొడుచుకొచ్చే మర కడ్డీలు, ఉండవు. అలాంటి కారుకు బోల్టు రంధ్రంలో తాత్కాలికంగా బిగించే గైడ్ పిన్ను ఒకటి పెట్టుకుంటే చీకట్లో రంధ్రాలు కలపడానికి కుస్తీ పట్టనక్కర్లేదు.

పొడవాటి బార్ విప్పడానికే. బిగించడానికి మళ్లీ ఎల్ పానానే వాడాలి, లేకపోతే స్టడ్డు సాగిపోతుంది, ఒక్కోసారి తెగుతుంది. బయట అలాయ్ చక్రాలు వేయించుకున్నవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి: దొంగతనం జరగకుండా వేసే లాక్ నట్టును విప్పే తాళం కారులోనే ఉందా, అలాయ్ నట్లు స్టెప్నీ ఇనుప రిమ్ములో సరిగ్గా కూర్చుంటున్నాయా. కూర్చోకపోతే వేరే నట్ల జత అవసరం. ఇది ఇంటి ముందు ఒకసారి చక్రం మార్చి చూస్తేనే తెలుస్తుంది.

జాకీ విషయంలో చాలామంది హైడ్రాలిక్ బాటిల్ జాకీ కొనమంటారు. చిన్న కారుకు నేను వద్దంటాను. అది పూర్తిగా దించినా పద్దెనిమిది, ఇరవై సెంటీమీటర్ల ఎత్తుంటుంది. గాలి పోయి కారు కుంగితే కిందకి దూరనే దూరదు. కంపెనీ కత్తెర జాకీయే నయం, దానికి కావాల్సిందల్లా కింద పరుచుకునే చెక్క. అడుగుకు అడుగు, అంగుళం మందం ప్లైవుడ్ ముక్క ఒకటి ఉంచాను. వానాకాలం నల్లరేగడి మీద జాకీ తిప్పితే లేచేది కారు కాదు, దిగేది జాకీ. చక్రాలకు అడ్డం పెట్టడానికి రాళ్లు దొరుకుతాయిలే అనుకోకుండా రెండు రబ్బరు వెడ్జులు వేశాను. నట్లన్నీ విప్పినా తుప్పు పట్టి చక్రం హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) అతుక్కుపోతే, కారు దించి నట్లను వేళ్లతో బిగించి ఒక అర చుట్టు వదులు చేసి, బండిని అడుగు ముందుకీ అడుగు వెనక్కీ కదిలిస్తే వచ్చేస్తుంది. దానికి సుత్తి మోయక్కర్లేదు.

నిజానికి ట్యూబ్‌లెస్ టైరుకు చాలాసార్లు చక్రం విప్పే పనే ఉండదు. మేకు దిగి గాలి నెమ్మదిగా పోతుంటే మేకు పీకొద్దు, గాలి కొట్టి షాపు దాకా వెళ్లిపోవచ్చు. అందుకే స్టెప్నీ తర్వాత నేను ఎక్కువ విలువిచ్చేది గాలి మిషన్‌కి. కొనేముందు ఎన్ని యాంపులు లాగుతుందో చూడాలి. కారు లోపలి 12 వోల్టుల కరెంటు సాకెట్ల మీద చాలావాటికి 120 వాట్లు అని రాసి ఉంటుంది, అంటే పది యాంపులు. పదిహేను లాగే మిషన్ పెడితే ఫ్యూజు పోవచ్చు. పది యాంపులకు మించి లాగేదైతే బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే రకం తీసుకోవాలి. ఇంజను ఆన్‌లో ఉంచి వాడాలి, పది నిమిషాలకోసారి మిషన్‌ని చల్లారనివ్వాలి.

పంక్చర్ కిట్టులో పిడి గట్టిగా ఉండే టీ ఆకారపు రీమరు (చిల్లును శుభ్రం చేసి గరుకు చేసేది), స్ట్రిప్పు దించే సూది తీసుకున్నాను. ప్లాస్టిక్ పిడి చేతిలోనే విరుగుతుంది, స్టీలు తీగలున్న రేడియల్ టైరులోకి రీమరు దించడానికి ఆ మాత్రం బలం కావాలి. చిల్లును మూసే రబ్బరు స్ట్రిప్పుకు సొల్యూషన్ పూసి, రెండు కొసలు సెంటీమీటరు బయట మిగిలేలా దించి, సూదిని ఒక్క ఊపున లాగాలి. కొసలను రబ్బరు అంచు దాకా కోసేయకూడదు, రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. ఇది నేలను తాకే భాగానికే. పక్క గోడకు చిల్లు పడితే స్టెప్నీ తప్ప దారి లేదు. కొన్ని కొత్త కార్లకు స్టెప్నీ అసలు రాదు. అలాంటివాళ్లు కిట్టు, గాలి మిషన్ రెండూ పెట్టుకుని, పక్క గోడ చిరిగితే టోయింగేనని ముందే తెలుసుకుని బయల్దేరాలి.

స్టెప్నీలో మాత్రం తలుపు మీది స్టిక్కర్ చెప్పినదానికంటే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ కొట్టిస్తాను. డిక్కీలో ఎవరూ చూడని నెలల్లో అంత తగ్గుతుంది, వాడే రోజు గేజితో సరిచేసుకోవచ్చు.

ఇక బ్యాటరీ. జంపర్ కేబుళ్లలో మోసమంతా ఇన్సులేషన్ మందంలో ఉంటుంది. పైకి బొటనవేలంత లావు, లోపల రాగి పూత పూసిన సన్నని అల్యూమినియం. నేను తీసుకున్నది 16 చదరపు మిల్లీమీటర్ల రాగిది, రెండున్నర మీటర్లు. డీజిల్ బండికైతే 25 తీసుకోవాలి. వరస ఇది: ఎర్రది డౌనైన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస ఆగిన కారు ఇంజను మీద రంగు లేని ఇనుముకు. చివరి నిప్పురవ్వ బ్యాటరీకి దూరంగా రావడానికే ఇదంతా. రెండో కారు లేకుండానే స్టార్ట్ చేసే లిథియం జంప్ స్టార్టర్ తేలికే గానీ, మన ఎండల్లో నిలబెట్టిన కారులో దాన్ని వదిలేయడం నాకిష్టం లేదు. ఒంటరిగా ప్రయాణం చేసేవాళ్లు పెట్టుకోవచ్చు, దిగేటప్పుడు ఇంటికి తీసుకెళ్లాలి.

బ్యాటరీ పనైపోయిందని మార్చేసేముందు పది నంబరు పానాతో టెర్మినళ్లు బిగించి, తెల్ల పొడి ఉంటే గీకి చూడాలి. చాలాసార్లు సెల్ఫ్ ఎత్తుకోకపోవడానికి కారణం అదే. వోల్టులు కొలిచే చిన్న మల్టీమీటరు కూడా ఉంటే అనుమానం తీరుతుంది: ఇంజను ఆపి ఉండగా 12.6 వోల్టులు నిండు బ్యాటరీ, 12 దగ్గర దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుండగా మామూలుగా పద్నాలుగుకు అటూ ఇటూ చూపించాలి. అప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే తప్పు బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ది, జంప్ చేసినా ఎక్కువ దూరం పోదు.

మిగతావాటికి ఒక చిన్న సంచి చాలింది. 10, 15, 20 యాంపుల ఫ్యూజులు రెండేసి, కటింగ్ ప్లేయర్, రెండు వైపులా వాడే స్క్రూడ్రైవర్, 10–12 పానా, ఇన్సులేషన్ టేపు, వేలాడే బంపర్ కట్టడానికి పొడవాటి ప్లాస్టిక్ టైలు, తలకు కట్టుకునే టార్చి, గ్లౌజులు. ఫ్యూజు మళ్లీ వెంటనే పోతే ఎక్కువ యాంపులది వేయకూడదు, వైరు కాలుతుంది. రెండు లీటర్ల నీళ్లు కూలెంటు కోసం. ఇంజను చల్లారి, రేడియేటర్ పైపు నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే మూత తీయాలి. క్యానులో పెట్రోలు మాత్రం పెట్టలేదు, పెట్టను. టోయింగ్ తాడుకంటే ముందు బంపర్‌లో బిగించే కొక్కెం ఉందో లేదో చూసుకోవాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో దాని మర ఎడమవైపుకు బిగుస్తుంది.

ఎక్కడ పెట్టాలన్నది ఏం పెట్టాలన్నంత ముఖ్యం. ఇప్పటి కార్లలో డిక్కీ చాలావాటికి కరెంటు బటన్‌తో తెరుచుకుంటుంది. బ్యాటరీ డౌనైతే డిక్కీ రాదు, జంపర్ కేబుళ్లేమో అందులోనే ఉంటాయి. అందుకే కేబుళ్లు, 10 నంబరు పానా ముందు సీటు కింద ఉంచాను. రిఫ్లెక్టర్ ట్రయాంగిల్, మెరిసే జాకెట్, టార్చి కూడా లోపలే. సామాను నింపిన డిక్కీ రోడ్డు మీద ఖాళీ చేశాక ట్రయాంగిల్ పెట్టి లాభం లేదు. బరువైనవి స్టెప్నీ గుంటలో పాత తువ్వాలు చుట్టి ఇరికించాను. గట్టి బ్రేకు పడితే వదులుగా ఉన్న బ్రేకర్ బార్ వెనక సీటు దాకా వస్తుంది.

వీటిలో వాడకపోయినా పాడయ్యేవి మూడు. పంక్చర్ సొల్యూషన్ ట్యూబు ఒకసారి తెరిస్తే కొన్ని నెలల్లో ఎండిపోతుంది, ట్యూబు మీద తేదీ రాసుకోవాలి. టార్చి సెల్సు కారి స్ప్రింగును తినేస్తాయి కాబట్టి బయటకు తీసి పక్కన పెట్టాలి. స్ట్రిప్పులు ఎండకు జిగట కోల్పోతాయి, వంచితే పగుళ్లు వస్తున్న ప్యాకెట్‌ని పారేసి కొత్తది కొనడమే.