బ్యాచ్ బిల్లులన్నీ ఒకచోట పరిచాక

కంపెనీ కోళ్లు పెంచడమంటే బయటివాళ్లకి తేలిగ్గానే కనిపిస్తుంది. పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందులు కంపెనీవి, చివరికి పట్టుకెళ్లి అమ్ముకునేదీ కంపెనీయే. మనవి షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, ఒంటి చాకిరీ. కిలోకి ఇంత అని గ్రోయింగ్ చార్జీ ఇస్తారు. "మార్కెట్ రేటు పడిపోయినా మీకేం భయం లేదండి" అనే మమ్మల్ని ఇందులోకి దింపారు. అందులో సగం నిజమే.

2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరులో, తణుకు మండలం వేల్పూరులో బర్డ్ ఫ్లూ అని తేలింది. మా షెడ్డులో ఒక్క కోడి జబ్బుపడలేదు. అయినా జనం చికెన్ ముట్టడం మానేశారు, కంపెనీ పిల్లల్ని దించడం ఆపేసింది. షెడ్డు ఖాళీగా ఉన్నన్నాళ్లు బ్యాంకు వాయిదా ఎవరు కట్టాలో అగ్రిమెంటులో చూద్దామంటే అగ్రిమెంటు మా ఇంట్లో లేదు. కాపీ వాళ్ల దగ్గరే, మా ఆయన సంతకం పెట్టిచ్చిన ఖాళీ చెక్కులూ వాళ్ల దగ్గరే.

కోళ్లున్నప్పుడు ఒకరి షెడ్డుకి ఒకరం వెళ్లం. చెప్పులకంటుకుని జబ్బు వస్తుందని భయం. భయం న్యాయమైనదే గానీ, కంపెనీకి అది బాగా కలిసొచ్చింది. పక్కూళ్లో వాళ్లకి బ్యాచ్‌కి ఎంత పడిందో ఎవరికీ తెలీదు. ఆ ఖాళీ రోజుల్లోనే ఉండ్రాజవరం, నిడదవోలు వైపు వాళ్లు కూడా వచ్చి మా మావగారి అరుగు మీద కూర్చున్నారు. ఎవరి బిల్లులు వాళ్లు తెమ్మన్నాం. చాలామంది మగవాళ్లకి అవి ఎక్కడున్నాయో తెలీదు, ఆడవాళ్లే బీరువాల్లోంచి తీసిచ్చారు. మేత బస్తాలు, రోజువారీ చావులు రాసుకునే పుస్తకాలు కూడా ఆడవాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఆ బిల్లు చదవడం వస్తే సగం పని అయినట్టే. పిల్లల ధర, మేత ధర, మందులు, కంపెనీ ఖర్చులు అన్నీ కూడి, లారీకెత్తిన కోళ్ల బరువుతో భాగిస్తారు. అది కిలో ఉత్పత్తి ఖర్చు. వాళ్లు పెట్టిన గీతకన్నా తక్కువొస్తే మనకి ఇన్సెంటివ్, ఎక్కువొస్తే కోత. ఇక్కడ గమ్మత్తేంటంటే, పిల్లనీ మేతనీ మనం కొనడం లేదు. ఆ ధరలు కంపెనీ తనకి తానే కాగితం మీద వేసుకునేవి. ఐదు వేల పిల్లలు దించారనుకోండి, పిల్ల మీద ఆరు రూపాయలు ఎక్కువ రాస్తే ముప్పై వేలు. పదివేల కిలోలు ఎత్తితే కిలోకి మూడు రూపాయలు ఖర్చు పెరిగినట్టు. కోళ్లు అవే, చాకిరీ అదే, మన కూలిలో మాత్రం కోత. ఒకే వారంలో దించిన రెండు షెడ్ల బిల్లుల్లో పిల్ల ధర వేరువేరుగా కనిపించేసరికి అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

రెండోది ఎత్తుబడి, అంటే పెరిగిన కోళ్లని లారీకెత్తి పట్టుకెళ్లడం. కార్తీకమాసంలో అమ్మకాలు తగ్గుతాయి కాబట్టి నలభై రోజులు దాటినా లారీ రాదు. ఐదు వేల కోళ్లకి ఆ వయసులో రోజుకి పదిహేను బస్తాలకు పైనే మేత. వయసు మీరేకొద్దీ తిన్నంత బరువు పెరగదు, ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకి ఎన్ని కిలోల మేత తిన్నదన్న లెక్క) చెడుతుంది. ఆలస్యం వాళ్లది, కోత మాకు.

ఇవన్నీ చూశాక అందరం కలిసి సంఘం పెట్టుకుందామనుకున్నాం. దాన్ని రిజిస్టర్ చేయించడం పెద్ద కష్టం కాలేదు. 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే చాలు. అగ్రిమెంట్లన్నీ మగవాళ్ల పేర్న ఉన్నాయని సభ్యుల జాబితా కూడా వాళ్లతోనే నింపబోయారు. "ఆ పుస్తకాలు ఎవరు రాశారో చూడండి బావగారూ" అన్నాను. మా పేర్లూ ఎక్కాయి.

మా మరిది కొడుకు అమెరికా సంగతి చెప్పాడు. అక్కడ కోళ్ల రైతుల్ని ఒకరితో ఒకర్ని పోటీపెట్టి, సగటుకన్నా వెనకబడ్డవాడి డబ్బులు కోస్తారట. 1921 నుంచీ మాంసం కంపెనీల మీద చట్టమున్న దేశంలో, రైతుకి ముందే లెక్కలు చూపించాలన్న నిబంధన 2023లో వచ్చిందట. మన పక్కన తమిళనాడు 2019లో పశుసంపదతో కలిపి కాంట్రాక్టు సేద్యానికి చట్టం చేసింది. ఇవి విన్నాక మావాళ్లకి ధైర్యం వచ్చింది గానీ, బేరం మాత్రం మా క్యాలెండర్ చూసే పెట్టాం. కార్తీకంలో అడిగితే "షెడ్డు మూసుకోండి" అంటారు. కనుమకి కోడి అందాలంటే డిసెంబరు మొదట్లో పిల్ల దిగాలి. అప్పుడు వాళ్లకి మా షెడ్లు కావాలి.

కబురు పంపాం, అందరితో కలిసి కూర్చుంటేనే పిల్లలు దింపించుకుంటామని. సూపర్‌వైజరు కుర్రాడు పాపం ఇంటింటికీ తిరిగాడు. "అక్కా, మీ ఒక్కరికే రూపాయి పెంచుతామంటున్నారు, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. "ఆయ్, ఇదే మాట మా తోడికోడలికీ చెప్పావంట కదా" అంటే నవ్వేశాడు. ముగ్గురు నలుగురు దింపించేసుకున్నారు. పిల్లల ఫీజులు, వాయిదాలు ఉన్నాయి, వాళ్లనేమీ అనలేదు. మిగతావాళ్లం ఆగాం.

చివరికి తణుకులో కూర్చోబెట్టారు. అందరికీ ఒకేలా కిలోకి రూపాయి పెరిగింది. అగ్రిమెంటు తెలుగు కాపీ ఇచ్చారు. నలభై రెండు రోజులు దాటాక తిన్న మేత కంపెనీ ఖాతాలోకి వెళ్లేలా రాయించాం. అన్నిటికన్నా నాకు తృప్తినిచ్చింది ట్రేల సంగతి. ఎత్తుబడి రాత్రి, కోళ్లని పెట్టి తూచే ట్రేల్లో ఖాళీవి పది తూచి, సగటు తీసి, ఆ బరువు మొత్తంలోంచి తీసేస్తారు. ఆ పదీ ఎప్పుడూ తడిసి, రెట్ట మందంగా అంటుకున్నవే వచ్చేవి, ఆ అదనపు బరువంతా మా కోళ్ల లెక్కలోంచి పోయేది. ఇప్పుడు ట్రేలు మేం ఏరి ఇస్తాం. కాటా మీద తూనికలు కొలతల శాఖ ఆ ఏటి ముద్ర ఉందో లేదో టార్చి వేసి చూశాకే మొదటి కోడి బయటికెళ్తుంది. మొదటిసారి నేను టార్చి వేస్తే లారీ వాళ్లు విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే చూపిస్తున్నారు.

చెక్కులు తిరిగి ఇవ్వలేదు, నంబర్లు రాసి రసీదు మాత్రం ఇచ్చారు. పిల్ల ధర ఎలా వేస్తారో చెప్పమంటే అది పై ఆఫీసు విషయమన్నారు. దాని గురించి ఆషాఢం లోపు మళ్లీ కూర్చుందామని రాతపూర్వకంగా అడిగాం. అత్తిలి, పెనుగొండ వైపు షెడ్లవాళ్లు కూడా బిల్లులు పంపుతున్నారు. పంపేవాళ్లు ఒక్క బ్యాచ్‌వి కాకుండా ఏడాది బిల్లులూ పంపండి, పిల్లలు దిగిన తేదీ మీద వేలు పడకుండా ఫొటో తీయండి.