గేర్‌బాక్స్ దించకుండానే ఆగిన ఆయిల్ లీక్

ఇరవై ఏళ్లు దాటిన మా పెట్రోల్ కారుకు ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ కారుతోంది. చూసిన మెకానిక్‌లందరిదీ ఒకటే మాట: "క్రాంక్ వెనక సీల్ పోయిందన్నా, గేర్‌బాక్స్ దించాల్సిందే." క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు అది, ఖరీదు తక్కువే. దాని దాకా చేరాలంటే మాత్రం గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ అన్నీ ఊడదీయాలి. అంత పని పెట్టుకునే ముందు ఆయిల్ నిజంగా అక్కడినుంచే వస్తోందా అని తేల్చుకోవాలనుకున్నాను. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి పక్కలకూ పాకుతుంది. చుక్క పడే చోటే లీక్ ఉండాలని లేదు. ముందు వేలికి రాసుకుని వాసన చూశాను. గేర్ ఆయిల్‌కు ఉండే గంధకం ఘాటు లేదు, కాబట్టి ఇది ఇంజిన్ ఆయిలే.

మొదటి ఆదివారం అంతా కడగడానికే సరిపోయింది. డిస్ట్రిబ్యూటర్‌కు, ఆల్టర్నేటర్‌కు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, చల్లారిన ఇంజిన్‌ను డీజిల్, బ్రష్‌తో రుద్ది, సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాను. తర్వాత అనుమానం ఉన్న చోటల్లా టాల్కం పౌడర్ చల్లాను. మా వాకిట్లో పరిచింది నల్లటి కడప బండ, దాని మీద ఆయిల్ చుక్క పడినా ఆనదు. అందుకే బండి కింద అట్టపెట్టె విప్పి పరిచాను.

ఊళ్లో నిదానంగా తిరిగితే ఈ లీక్ బయటపడదు. రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కించాను. ఇంజిన్ వేడెక్కాలి, లోడ్ పడాలి. తిరిగొచ్చి టార్చ్ వేసి చూస్తే కింద పౌడర్ మీద మరక ఉంది, సరే. దాన్ని పట్టుకుని పైకి వెళ్తే దారం లావు గోధుమరంగు గీత ఒకటి బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య క్లచ్‌ను కప్పే డొప్ప) మీదుగా ఎక్కి, ఇంజిన్ పైన మూతలా ఉండే టాపెట్ కవర్ వెనక మూల దగ్గర ఆగింది. దానికి పైన పౌడర్ తెల్లగా, పొడిగా ఉంది.

టాపెట్ కవర్ కింద సందు మూసే రబ్బరు ప్యాకింగ్ గట్టిపడిపోయి, వంచగానే విరిగింది. పాత ముక్కలను ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనే గీకాలి. స్క్రూడ్రైవర్ పెడితే అల్యూమినియం హెడ్ మీద గీతలు పడి, అక్కడినుంచే మళ్లీ కారుతుంది. అర్ధచంద్రాకారపు మూలల్లో మాత్రమే కొద్దిగా సిలికాన్ పేస్ట్ రాశాను. బోల్టులను 10 నంబర్ స్పానర్‌తో మధ్యనుంచి చివరలకు, రెండు విడతలుగా బిగించాను. చిన్న రాట్చెట్ చాలు. లీక్ ఆగాలని గట్టిగా తిప్పితే ప్యాకింగ్ నలిగి పక్కకు వస్తుంది.

మళ్లీ ఘాట్. తగ్గింది గానీ ఆగలేదు.

అప్పుడు తట్టింది, లోపల ఒత్తిడి పెరిగితే ఏ ప్యాకింగ్ వేసినా నిలవదని. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. దాన్ని ఇంటేక్‌లోకి పంపేది పీసీవీ వాల్వ్. అది మూసుకుపోతే గ్యాస్‌కు దారి లేక ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలచటి కాగితం పెట్టాను. వ్యవస్థ బాగుంటే కాగితం లోపలికి అతుక్కోవాలి. ఇక్కడ ఎగిరి పడింది. వాల్వ్ ఊడదీసి ఊపితే లోపల టకటకమనాలి, ఏ చప్పుడూ లేదు, అంతా నల్లటి జిగురు. నన్నడిగితే ఏ సీల్ మార్చే ముందైనా ఈ కాగితం పరీక్ష చేసి తీరాలి, దీనికి పైసా ఖర్చు లేదు.

కొత్త వాల్వ్, కొత్త హోస్ వేశాను, ప్యాకింగ్ ముట్టుకోలేదు. ఇప్పుడు కాగితం టక్కున అతుక్కుంటోంది. మళ్లీ కడిగి, పౌడర్ చల్లి, ఘాట్ ఎక్కి దిగాను. టాపెట్ కవర్ మూల పొడిగా ఉంది, బెల్ హౌసింగ్ కింది అంచూ పొడిగానే ఉంది. వెనక సీల్ జోలికి ఇప్పట్లో వెళ్లను.

అట్ట మీద ఒక్క చుక్క మాత్రం పడింది, సరిగ్గా ఇంజిన్ అడుగున ఆయిల్ ఛాంబర్‌కు ఉండే డ్రెయిన్ బోల్టు కింద. వాషర్ అణిగిపోయినట్టుంది. వచ్చే ఆయిల్ మార్పుకు కొత్త రాగి వాషర్ తెచ్చి పెట్టుకున్నాను.