అవ్వ వెండి చెంబు, కార్క్ కంసాలులు

పోయిన వారం మా అవ్వ వెండి చెంబు మార్చి కొత్త కుందులు తీసుకుందామని తిరుపతిలో గాంధీ రోడ్డు పక్కకి పోయినా. షాపాయన గీటురాయి మీద ఒక గీత గీసి, టచ్ (అంటే అసలు వెండి పాలు) చాలా తక్కువమ్మా, నూటికి అరవైకి మించి లెక్క కట్టలేను అనేశాడు. అడుగున కంసాలి పొడి అక్షరాలు కొట్టి ఉన్నాయి కదన్నా అంటే నవ్వినాడు, ఆయనెవరో నాకేం తెలుసు అని. అదీ నిజమేలే, చిత్తూరులో ఆ కంసాలిని ఎరిగినోళ్ళు ఇప్పుడెవరూ లేరు.

ఇంటికొచ్చి ఆ మంటలో హాల్‌మార్క్ గురించి చదువుతా చదువుతా ఐర్లాండ్‌లో తేలినా. డబ్లిన్ కంసాలుల సంఘానికి 1637లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ చార్టర్, అంటే అధికార పత్రం ఇచ్చినాడంట, వెండి వెయ్యికి 925 పాళ్ళు ఉంటే దాని మీద కిరీటం పెట్టిన హార్ప్ (వీణ లాంటి తీగల వాయిద్యం) ముద్ర, చేసినాయన ముద్ర, ఏ ఏడాదిదో తెలిసేదానికి ఒక అక్షరం. 1730లో ఔన్సుకి ఆరు పెన్నీల పన్ను వేసి, కట్టినట్టు గుర్తుగా హైబెర్నియా అని, ఐర్లాండ్‌కి గుర్తుగా గీసే కూర్చున్న ఆడమనిషి బొమ్మ కూడా తగిలించినారు. గవర్నమెంటు ఎక్కడైనా గవర్నమెంటే.

నాకు బాగా నచ్చింది మాత్రం ఐర్లాండ్‌లోనే దక్షిణాన ఉండే కార్క్ ఊరి కంసాలులు. రూలు ప్రకారం సరుకంతా డబ్లిన్ పంపి పరీక్ష చేయించాల, అది ఇక్కడినుంచి బెంగుళూరు అంత దూరం, ఆ కాలం రోడ్లు, దారిలో దొంగలు, ఖర్చు, ఎవరు పంపుతారు? 18వ శతాబ్దంలో వాళ్ళే సొంతంగా తమ పొడి అక్షరాలు కొట్టి పక్కన స్టెర్లింగ్ (ఆ 925 పాళ్ళ వెండి పేరే) అనే మాట కొట్టేసేవాళ్ళు. కొన్నిట్లో స్పెల్లింగ్ తప్పుపోయి స్టార్లింగ్ అని కూడా ఉంటాదంట, అంటే గోరింక లాంటి పిట్ట! ముద్ర కొట్టే ఆఫీసు లేదు, ఊర్లో ఆ మనిషి పేరే పూచీ. మా అవ్వ కంసాలి చేసింది కూడా అదే కదా, కాకపోతే వాళ్ళ గిన్నెలు ఇప్పుడు వేలంలో లక్షలు పలుకుతాయి.

ఇంకోటి, వేడి గిన్నె పెడితే టేబుల్ పాలిష్ పోకుండా ఐర్లాండ్ వాళ్ళు డిష్ రింగ్ అని వెండి చట్రం చేసేవాళ్ళు, ఆకులూ పిట్టలూ చెక్కి. బొమ్మ చూస్తే అచ్చం మన కుదురే! మనం గడ్డితో చుట్టేది వాళ్ళు వెండితో చేసుకున్నారు, అంతే.

చెంబైతే మార్చలేదు, చింతపండు పెట్టి తోమి అల్మారాలో పెట్టేసినా. కుందులేవే అని అమ్మ రోజూ అడుగుతానే ఉంది.