కారుతో వచ్చిన కంపెనీ సీట్లో కదలకుండా కూర్చోవడం: ఆటోక్రాస్‌లో నా అనుభవం

విజయనగరం చుట్టుపక్కల మాకు ఆటోక్రాస్ (ట్రాఫిక్ కోన్ల మధ్య గీసిన దారిలో తక్కువ టైంలో కారు తిప్పే పోటీ) సాధన అంటే, ప్లాట్లు ఇంకా అమ్ముడుపోని లేఅవుట్ యజమానిని అడిగి కోన్లు పెట్టుకోవడమే. ఎర్ర గ్రావెల్ నేల, ఎక్కువగా రెండో గేరు. హద్దురాళ్ళకు దూరంగా ట్రాక్ గీసుకుంటాం, కోన్ పడితే మళ్ళీ నిలబెడతాం. స్పీడు పెద్దగా ఉండదు కాబట్టి టైర్ల గాలి గురించి గంట మాట్లాడే వాళ్ళు కూడా సీటు సంగతి ఎత్తరు. లెక్క చూస్తే మాత్రం తమాషాగా ఉంటుంది. మలుపులో 0.5 జీ (భూమి ఆకర్షణలో సగం) పక్కతోపు వచ్చినా 70 కిలోల మనిషిని 35 కిలోల బరువుతో పక్కకు నెట్టినట్టే. మామూలు కారు సీటు పక్కదిండ్లు అంత తోపుకు ఆగవు. ఒళ్ళు జారుతుంది, జారే ఒంటిని స్టీరింగు పట్టుకుని ఆపుకుంటాం. అలా వేలాడే చేతికి ముందు టైర్లు పట్టు వదులుతున్న సంగతి తెలియదు. తెలిసేసరికి కోన్ బంపర్ కింద ఉంటుంది.

బకెట్ సీటు (ఒంటిని రెండు పక్కలా పట్టి ఉంచే రేసు సీటు) కొనే ముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది ఖర్చులేనిది: సీటు కవర్లు తీసేయడం. మన దగ్గర కొత్త కారు ఇంటికి రాగానే రెగ్జిన్ కవర్లు తొడిగించడం ఆనవాయితీ. చెమట పట్టిన ప్యాంటుకు రెగ్జిన్ నూనె రాసిన పలకతో సమానం. కింద ఉన్న కంపెనీ గుడ్డ సీటు దానికంటే ఎంతో బాగా పట్టుకుంటుంది. కవరు విప్పే కుర్రాడు "ఏటి బాబూ, బాగున్న కవరు తీసేమంటారేటి?" అంటాడు, తీసేయమనండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో బయటి కవరు దాని దారికి అడ్డం కూడా. పూసల మ్యాట్, నడుము దిండు, మెత్త అన్నీ బయటికి. పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు కూడా జారుతుంది, కాటన్ ప్యాంటు వేసుకోండి.

తర్వాత కూర్చునే తీరు. పిరుదులు సీటు మూలలోకి పూర్తిగా వెళ్ళాలి. క్లచ్ అడుగంటా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండాలి. భుజాలు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. రోడ్డు మీద నడిపేటప్పటి కంటే ఇది కాస్త ముందుకు, వీపు కాస్త నిటారుగా ఉంటుంది. మరీ ముందుకు మాత్రం వద్దు: ఛాతీకి, స్టీరింగు మధ్యభాగానికి కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి. ఇదంతా హెల్మెట్ పెట్టుకునే చూసుకోవాలి. హెల్మెట్ రూఫుకు తగిలితే సీటు ఎత్తు తగ్గించండి. ఎత్తు మార్చే ఏర్పాటు లేకపోతే సీటు వీపును ఒక గాడి వెనక్కి వాల్చండి, ఆ తర్వాత మణికట్టు కొలత మళ్ళీ చూడండి.

ఇక బెల్టు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. మామూలు మూడు పాయింట్ల బెల్టు రీలు రెండు విధాలుగా లాక్ అవుతుంది: బెల్టును విసురుగా లాగితే ఒకటి, కారు గట్టిగా ఆగినా ఒరిగినా రెండోది. మొదటి దాన్ని మనం వాడుకోవచ్చు. కారు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, సరైన స్థానం నుంచి సీటును రెండు గాళ్ళు వెనక్కి జరపండి, టక్ టక్ శబ్దం లెక్కపెట్టుకుంటూ. బెల్టు పెట్టుకుని నడుము పట్టీని తొడల మొదట్లోకి, తుంటి ఎముకల మీదికి దించండి. పొట్ట మీద ఉంటే దెబ్బ తగిలినప్పుడు లోపలి అవయవాల మీద పడుతుంది. ఛాతీ పట్టీని పైకి లాగి నడుము దగ్గరి వదులంతా తీసేయండి. అప్పుడు కుడి చేత్తో, పిల్లర్ (డోర్ వెనక బెల్టు దిగే నిలువు స్తంభం) దగ్గర, పట్టీని ఒక్క విసురు విసరండి. లాక్ పడింది కదా, ఆ లాగుడు వదలకుండానే ఎడమ చేత్తో సీటు కింది కడ్డీ ఎత్తి, మడమలతో సీటును ముందుకు లాక్కోండి. పట్టీ ఒంటికి అతుక్కుంటుంది. రెండు గాళ్ళకు నాకు సరిపోతుంది, మూడైతే ఊపిరి తీసుకోవడం కష్టం.

కుదరకపోతే కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి. చేతి లాగుడు ఒక్క క్షణం సడలినా రీలు కాస్త చుట్టుకుని లాక్ వదిలేస్తుంది, మొదటి నుంచి మొదలుపెట్టాలి. రెండు, ఛాతీ బిగిసి నడుము వదులుగా మిగలడం: పట్టీ క్లిప్పులోంచి జారుతుంది. మిమ్మల్ని నిజంగా పట్టి ఉంచేది నడుము పట్టీ, కాబట్టి ఛాతీ బిగుతు చూసి మోసపోవద్దు. కొన్ని కార్లలో పట్టీ కింది కొస సీటుకే బిగించి ఉంటుంది. వాటిలో సీటు జరిపినంత మాత్రాన నడుము భాగం బిగియదు, ముందే చేత్తో లాగి పెట్టుకోవాలి. క్లిప్పు దగ్గరే పట్టీని పట్టి ఉంచే సీజీ-లాక్ లాంటి పరికరాలు ఉన్నది ఇందుకే. క్లిప్పును ఒక మెలిక తిప్పి పెట్టుకునే వాళ్ళూ ఉన్నారు. మెలిక పడ్డ పట్టీ దెబ్బ బరువంతా ఒకే చోట వేస్తుంది, అందుకే నేనైతే చేయను.

మూడోది ప్రమాదకరం. సీటు ముందుకొచ్చింది గానీ గాడిలో పూర్తిగా పడలేదు. ఎర్రమట్టి పొడి సీటు పట్టాల్లో చేరితే ఒక వైపు పడి రెండో వైపు పడదు. స్టార్టింగులో సీటు వెనక్కి జారితే కాలు క్లచ్ మీద ఉండదు, చేయి స్టీరింగును తనవైపు లాగేస్తుంది. జరిపిన ప్రతిసారీ సీటును ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపి చూడాలి. పాత కారైతే సీటును నేలకు పట్టి ఉంచే బోల్టులు కూడా.

బెల్టు మనిషిని వెనక్కి, కిందికి పట్టి ఉంచుతుంది. పక్కకు ఆపేది కాళ్ళు. ఎడమ కాలు క్లచ్ పని లేనప్పుడల్లా డెడ్ పెడల్ (క్లచ్‌కు ఎడమ పక్కన పాదం ఆనించుకునే కదలని మెట్టు) మీద నొక్కి ఉంచి, వీపును సీటులోకి తొయ్యాలి. ఎడమ మలుపులో ఒళ్ళు డోర్ వైపు వస్తుంది, కుడి మోకాలు డోర్‌కు ఆనుతుంది. కుడి మలుపులో ఎడమ మోకాలు గేరు పక్కనున్న కన్సోల్‌కు. నాలుగు రౌండ్లకే అక్కడ కమిలిపోతుంది. డోర్‌కు ఫోమ్ అంటించే కంటే, స్పోర్ట్స్ షాపులో దొరికే వాలీబాల్ మోకాలి ప్యాడ్ తొడుక్కోవడం మేలు. ఊడి పెడల్ కిందికి పోయే భయం ఉండదు.

నాలుగు పాయింట్ల హార్నెస్ (రెండు భుజాల మీదుగా, నడుముకు రెండు వైపులా బిగించే రేసు బెల్టు) గురించి అందరూ అడుగుతారు. కంపెనీ సీటుకు, రోల్ బార్ (బోల్తా పడితే రూఫు నొక్కుకోకుండా కాసే ఇనుప చట్రం) లేని కారుకు వద్దు. కాళ్ళ మధ్య పట్టీ లేకపోతే భుజం పట్టీలు నడుము పట్టీని పొట్ట మీదికి లాగేస్తాయి, మనిషి దాని కిందనుంచి ముందుకు జారతాడు. భుజం పట్టీలను వెనక సీటు బెల్టు బోల్టులకు కడితే అవి నిలువుగా కిందికి దిగి, గుద్దుకున్నప్పుడు వెన్నెముకను నొక్కుతాయి. కారు బోల్తా పడి రూఫు నొక్కుకుంటే, మామూలు బెల్టులో ఒళ్ళు పక్కకు ఒరిగే వీలుంటుంది, హార్నెస్‌లో నిటారుగా బిగుసుకుపోతాం. ఎఫ్ఎమ్ఎస్‌సీఐ (మన దేశంలో మోటార్ పోటీలను చూసే సమాఖ్య) అనుమతితో జరిగే పోటీకి వెళ్తుంటే, హెల్మెట్ గురించీ బెల్టు గురించీ ఆ పోటీ నిబంధనల పత్రంలో ఏముందో ముందే చదువుకోండి.

స్టార్టు ముందు ఫ్లోర్ మ్యాట్, నీళ్ళ సీసా, ఫోను, డిక్కీలో జాకీ బయట పెట్టేయాలి. బ్రేకు పెడల్ కిందికి దొర్లిన సీసా ముందు ఏ బెల్టూ పనికిరాదు. రౌండ్లు అయ్యాక సీటును రోడ్డు స్థానానికి తెచ్చి, బెల్టు పూర్తిగా లోపలికి చుట్టుకునేలా వదిలి, మళ్ళీ మెల్లగా లాగి చూడండి. పట్టీ మీద ఎర్రదుమ్ము ఉంటే తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి, లేకపోతే రీలు బద్ధకంగా తిరుగుతుంది. సీటు పట్టాలకు ముందు పాత టూత్‌బ్రష్, తర్వాత వాక్యూమ్. గ్రీజు మాత్రం ఎక్కువ పూయకండి, దుమ్మంతా దానికే పట్టుకుంటుంది.