చలికి వచ్చినవాళ్ళు

"లైబ్రరీలో చలికాలమే పనెక్కువ నాయనా" అంటే మా నాయన నమ్మలేదు.

"ఆడ చలికి జనం ఇల్లు కదలరంటివి. మళ్ళ లైబ్రరీకి ఎవరొస్తారు పాపా?" అన్నాడు.

నవంబరు రెండో వారం. కెనడాలోని ఎడ్మంటన్ నుంచి ఐదు వారాల సెలవు మీద నేను తిరుపతికి వచ్చి మూడు రోజులైంది. బైరాగిపట్టెడలో మా ఇంటి వసారాలో కూర్చున్నాం. రెండు రోజులుగా ముసురు వదల్లేదు. శేషాచలం కొండలు మబ్బులో కలిసిపోయినాయి. కపిలతీర్థంలో నీళ్ళు ఎట్లా దూకుతున్నాయో పక్కింటివాళ్ళు చూసొచ్చి చెప్పినారు. అమ్మ చలిగా ఉందని శాలువా కప్పుకుంది. ఫోన్లో చూస్తే ఇక్కడ 22 డిగ్రీలు, ఎడ్మంటన్‌లో మైనస్ 14.

నాయన ఆర్టీసీలో కండక్టరు పని చేసి రిటైరైనాడు. కూతురు కెనడాలో ఉద్యోగం చేస్తోందని నలుగురికీ చెప్పుకుంటాడు కానీ, ఆ ఉద్యోగం ఏందో ఆయనకు ఇప్పటికీ సరిగ్గా అందలేదు. లైబ్రరీ అంటే ఆయన మనసులో బల్ల మీద పరిచిన పేపర్లు, తాళం వేసిన బీరువాలు. అందుకే ఆ సాయంత్రం మొదటి నుంచి చెప్పుకొచ్చినాను.

2018 డిసెంబరు నాకు అక్కడ మొదటి చలికాలం. గోదాములో రాత్రి షిఫ్టు, పార్సిళ్ళు వేరు చేసే పని. ఒక ఇంటి కింద, నేలమాళిగలో, ముగ్గురు ఆడపిల్లలం అద్దెకుండేవాళ్ళం. కరెంటు ఖర్చని ఇంటాయన పగటిపూట హీటరు తగ్గించేసేవాడు. నేను నిద్రపోయేది పగలే కదా, జాకెట్టు వేసుకునే పడుకునేదాన్ని. డిసెంబరులో అక్కడ సూర్యుడు ఉదయం పావు తక్కువ తొమ్మిదికి వచ్చి సాయంత్రం నాలుగుంపావుకల్లా వెళ్ళిపోతాడు. రాత్రి పని చేసేవాళ్ళకు వారాల తరబడి ఎండ ముఖమే కనపడదు.

ఒక రోజు ఓవర్‌టైం చేసి తొమ్మిది దాటినాక బయటపడినాను. మైనస్ 31, పైగా గాలి. బస్సు మారే స్టాపులో నిలబడితే రావాల్సిన బస్సు రాలేదు. ఆ చలిలో గాలికి తగిలే చర్మం నిమిషాల్లోనే గడ్డకట్టవచ్చని అక్కడి వాతావరణ శాఖ హెచ్చరిస్తూ ఉంటుంది. కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుపోయినాయి. చేతివేళ్ళు ముందు మండినాయి, తర్వాత మంట కూడా తెలియలేదు. రోడ్డుకు అవతల పేట లైబ్రరీ తలుపులు అప్పుడే తెరిచినారు.

అక్కడ పెద్ద భవనాలకు రెండు తలుపులుంటాయి. బయటి చలి లోపలికి జొరబడకుండా మధ్యలో చిన్న గది లాంటిది వదులుతారు. ఆ మధ్య గదిలో నిలబడి మనసులో జవాబు తయారు చేసుకున్నాను. "ఏం కావాలి?" అంటే ఏం చెప్పాలి? నా దగ్గర కార్డు లేదు. వెతికే పుస్తకమూ లేదు. చలికి వచ్చినాను అంటే పొమ్మంటారేమో. చివరికి ఇంగ్లీషు డిక్షనరీ కావాలని చెబుదామనుకుని లోపలి తలుపు తోసినాను.

ఎవరూ అడగలేదు. బల్ల దగ్గరున్నామె తలెత్తి గుడ్ మార్నింగ్ అని, తన పని తను చేసుకుంది. కిటికీ కింద వేడి గాలి వచ్చే చోట ఒక కుర్చీ ఉంటే కూర్చున్నాను. రెండు గంటలు కూర్చున్నాను. అందులో గంట నిద్రపోయినట్టున్నాను. లేచేసరికి ఎదురు బల్ల మీద ఒక జత ఉన్ని గ్లవ్స్ ఉన్నాయి. తలుపు పక్కన ఒక పెట్టె పెట్టి ఉంటుందని, ఉన్నవాళ్ళు వేసి లేనివాళ్ళు తీసుకునే గ్లవ్స్, టోపీలు, మేజోళ్ళు అందులో ఉంటాయని తర్వాత తెలిసింది. ఆ జత నాకు పెట్టింది ఎవరో ఇప్పటికీ తెలియదు.

ఇంత చెప్పేసరికి అమ్మ లోపల స్టవ్ ఆపేసి వచ్చి గడప మీద కూర్చుంది. "ఇవన్నీ అప్పుడెందుకు చెప్పలేదే?" అంది. ఏం చెప్పమంటారు? అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా తిన్నావా, స్వెట్టర్ వేసుకున్నావా అని రెండే అడిగేది. రెండింటికీ అవును అనేదాన్ని.

ఆ తర్వాత సెలవు దొరికితే అక్కడికే పోయేదాన్ని. బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం మీద అడ్రసు చూసి కార్డు ఇచ్చినారు. నా రెజ్యూమెను అక్కడామె ఒకరు పక్కన కూర్చుని మూడుసార్లు దిద్దించినారు. 2019లో అదే లైబ్రరీ వ్యవస్థలో ఇంకో శాఖలో, తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దే పని దొరికింది. ఆ పని చేస్తూనే లైబ్రరీ కోర్సు చదివినాను. మొదటి వారం పాఠంలోనే, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనిపించుకున్న రంగనాథన్ గారు వచ్చినారు. మద్రాసు యూనివర్సిటీలో లైబ్రేరియన్‌గా ఉంటూ 1931లో ఆయన రాసిన ఐదు సూత్రాలను, ఆయన పుట్టిన శియాళి పేరు కూడా విని ఉండని మా టీచరు బోర్డు మీద రాసింది. పుస్తకాలు వాడుకోవడానికే. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలి. గ్రంథాలయం పెరిగే ప్రాణి. క్లాసులో భారతదేశం నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. ఆ రోజు ఎంత గర్వపడ్డానో మాటల్లో పెట్టలేను.

ఇప్పుడు నేను ఆ బల్లకు ఇవతల కూర్చుంటాను. మా చలికాలం పని ఎట్లుంటుందంటే, ఉదయం పోయేసరికి చీకటి. పార్కింగులో కార్ల ముందు భాగం నుంచి కరెంటు తీగలు వేలాడుతుంటాయి. రాత్రంతా ఇంజనును వెచ్చగా ఉంచే హీటరు తీగలవి. మరీ చలి రోజుల్లో వాటిని ప్లగ్గులో పెట్టకపోతే తెల్లారి బండి కదలకపోవచ్చు. మేం మొదట తెరిచేది పుస్తకాలు వెనక్కి వేసే పెట్టె. గోడకున్న కంతలోంచి రాత్రి వేసిన పుస్తకాలు చేతికి ఇనుప పలకల్లా తగులుతాయి. ప్లాస్టిక్ అట్టలు చలికి బిరుసెక్కి, తెరిస్తే పటపటమంటాయి. కాసేపు ఆగి, గది వేడికి అవి మెత్తబడినాక అరల్లోకి పంపుతాం. మంచులో పడి తడిసినవి వేరే తీస్తాం.

తడిసిన పుస్తకం సంగతి ఇక్కడ చెప్పాలి, మా ఇంట్లోనే జరిగింది కాబట్టి. 2021 నవంబరు వరదలో మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచినాయి. కింది అరలోని నా డిగ్రీ పుస్తకాలన్నీ మునిగినాయి. నీళ్ళు తీసినాక అమ్మ వాటిని మిద్దె మీద ఎండకు పెట్టింది. అట్టలు వంకర్లు పోయి, నున్నటి కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా అయినాయి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు. కొన్ని పేజీలకొకసారి పీల్చే కాగితం పెట్టి, గుడారం లాగా నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. తడిసినవి మరీ ఎక్కువైతే ఫ్రీజర్లో పెట్టేస్తారు. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది, గడ్డకడితే ఆ బూజు ఆగుతుంది, ఒక్కొక్కటే నిదానంగా ఆరబెట్టుకోవచ్చు. ఆ వరదప్పుడు నేను వీడియో కాల్లో ఇది చెప్పేసరికే ఆలస్యమైపోయింది.

తలుపులు తెరిచినాక వచ్చేవాళ్ళు వస్తారు. పసిపిల్లల తల్లులు కథల గంటకు వస్తారు. చలికి నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఉండే తల్లులకు ఆ గంట పిల్లలకన్నా ఎక్కువ అవసరం. బూట్లు విప్పించి, కోట్లు తీయించి, గ్లవ్స్ జతలు కలిపేసరికే పది నిమిషాలు పోతాయి. ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకునేవాళ్ళు వారానికొక రోజు గుండ్రంగా కూర్చుంటారు. ఎవరు తప్పు మాట్లాడినా నవ్వే వాళ్ళుండరు. మార్చి వస్తే ఆదాయపు పన్ను పని మొదలవుతుంది. ఏప్రిల్ 30 గడువు. ఆదాయం తక్కువున్నవాళ్ళ కాగితాలు వాలంటీర్లు డబ్బు తీసుకోకుండా నింపిపెడతారు. పన్ను కట్టాల్సింది ఏమీ లేకపోయినా ఆ కాగితం వెయ్యకపోతే ప్రభుత్వం పిల్లలకని ఇచ్చే డబ్బు ఆగిపోతుంది. కొత్తగా వచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలుగు ముఖం కనపడితే నేనే లేచిపోయి చెబుతాను.

ఇంకా చలికి వచ్చేవాళ్ళుంటారు. ఇల్లు లేనివాళ్ళు, ఇంట్లో వేడి లేనివాళ్ళు, ఇల్లుండీ మనిషి లేనివాళ్ళు. ఎడ్మంటన్ లైబ్రరీ 2011లోనే సోషల్ వర్కర్లను పనిలో పెట్టుకుంది. నిద్రపోతున్న మనిషి దగ్గరికి మేం పోయేది లేపి పంపడానికి కాదు, ఒంట్లో బాగుందో లేదో చూడడానికి. టొరంటో లాంటి నగరంలో 2022లో ఆలస్య రుసుము మొత్తం ఎత్తేసినారు. బాకీ భయంతో పుస్తకంతో పాటు మనిషీ రావడం మానేస్తాడని వాళ్ళకు అర్థమైంది.

ఒక పంజాబీ తాత రోజూ పదకొండింటికి వస్తాడు. మా దగ్గర ఎండలేని నెలల కోసం పెట్టిన దీపం ఒకటుంది, పలక లాగా, 10,000 లక్స్ వెలుగు ఇచ్చేది. దాని ముందు అరగంట కూర్చుంటే చీకటి రోజుల దిగులు కొంత తగ్గుతుంది. తాత ఆ దీపం ముందు తలపాగా సర్దుకుని, కళ్ళు మూసుకుని, రెండు అరచేతులూ దాని వైపు చాపి కూర్చుంటాడు. మన పల్లెల్లో పొద్దున్నే గోడకు ఆనుకుని ఎండ కాగుతూ కూర్చునే ముసలివాళ్ళను చూసినారా, సరిగ్గా అట్లా. ఆయన్ని చూసినప్పుడల్లా నాకు మా జేజి గుర్తొస్తుంది.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. లేచి లోపలికి పోయి ఇంటిపన్ను రసీదు తెచ్చినాడు. "ఇందులో లైబ్రరీ సెస్సు అని ఉంటుంది చూడు. ఏండ్లుగా కడతాండా. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలే" అన్నాడు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీలకని కలిపి తీసుకుంటారని చెప్పినాను. 1935లోనే పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పిన సంగతీ చెప్పినాను. జనం దగ్గరికి పుస్తకం పోవాలని అంత తపనపడిన నేల మనది. నేను కెనడాలో నేర్చుకున్నదాంట్లో సగం ఇక్కడ ఎప్పుడో మొదలైందే.

ఆ వారం గ్రంథాలయ వారోత్సవాలు, నవంబరు 14 నుంచి 20 దాకా. నాయన నన్ను తను పేపరు చదివే లైబ్రరీకి తీసుకుపోయినాడు. గ్రూప్స్‌కు, కానిస్టేబులు పరీక్షకు చదివే పిల్లలు కుర్చీలు చాలక వరండాలో చాపలు వేసుకుని కూర్చున్నారు. ఒకరి మోచెయ్యి ఇంకొకరి పుస్తకం మీద. ఎవరూ మాట్లాడడం లేదు. లైబ్రేరియన్ సార్‌కు నా పని గురించి చెప్పి, చిన్న పిల్లలకు ఒక గంట కథలు చెప్పనిస్తారా అని అడిగినాను. "శుక్రవారం మాకు సెలవు. ఆదివారం పొద్దున రామ్మా, పిల్లలకూ బడి ఉండదు" అన్నాడు.

ఆదివారం గట్టిగా వాన పట్టింది. ఎవరూ రారనుకున్నాం. పదకొండు మంది వచ్చినారు. కోతి, మొసలి కథ చెప్పినాను. మంచు ఎట్లా ఉంటుందో చెప్పినాను. చివర్లో ఒక పాప, తొమ్మిదేండ్లుంటాయి, తలుపు దగ్గరే నిలబడి ఉంది. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. దగ్గరికి రమ్మంటే భయంగా చూసింది.

"నేను కథకు రాలేదక్కా. ట్యూషన్ నుంచి పోతా వానకు నిలబడినా" అంది.

"దానికేముంది, కూర్చో" అన్నాను.

బ్యాగు తెరిచి చూసుకుంటే ఆ పాప సోషల్ నోట్సు సగం తడిసిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఎండ రాగానే ఆరబెడతానక్కా అంది. నాయన పాత పేపర్లు తెచ్చి ఇస్తే అచ్చులేని అంచులు చించి, పిల్లలందరం చుట్టూ కూర్చుని పది పేజీలకొక ముక్క పెట్టినాం. ఆ పాప చేతనే నోట్సును గుడారం లాగా బల్ల మీద నిలబెట్టించినాను. లైబ్రేరియన్ సార్ లేచి ఫ్యాను రెండో నంబరు మీద వేసినాడు. వాన తగ్గేదాకా ఆ పాప అక్కడే కూర్చుని, నేను రెండోసారి చెప్పిన కథ మొత్తం వినింది.