ఎవరేం చదివితే ఎవరికెందుకు?
బెజవాడలో నేను వెళ్లే లైబ్రరీకి నిన్న ఒకాయన వచ్చి, లైబ్రేరియన్‌తో "మా అమ్మాయి ఏయే పుస్తకాలు తీసుకెళ్తోందో కాస్త చూసి చెప్పండి మేడమ్" అన్నారు. రిజిస్టర్ కౌంటర్ మీదే తెరిచి ఉంది. పేరు, పుస్తకం, తేదీ, సంతకం, అన్నీ ఒకే వరసలో. ఆవిడ రిజిస్టర్ మూసేసి, "అమ్మాయినే అడగండి సార్" అన్నారు.

ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. విడాకులు, క్యాన్సర్, డిప్రెషన్... ఇంట్లో నోరు తెరిచి అడగలేనివే కదా మనిషి పుస్తకాల్లో వెతుక్కునేది! గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు 9 మంది జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. మరి రిజిస్టర్ అలా అందరి కంటా పడేలా ఎందుకుండాలి? కంప్యూటర్లున్న చోట ఇంకా తేలిక. లైబ్రరీల పనికి వాడే కోహా అనే సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం తిరిగిచ్చాక పాత రికార్డులోంచి పాఠకుడి పేరు తీసేసే ఏర్పాటు ఉంది. మీ లైబ్రరీలో అది వాడుతున్నారేమో ఒకసారి అడగండి.