కౌంటీ దాటే నీటి అనుమతిపై విచారణ: నా అనుభవం

టెక్సాస్‌లో ఆస్టిన్‌కు తూర్పున ఉన్న ఒక పల్లె కౌంటీలో (మన జిల్లాలాంటిది) మాకు పన్నెండు ఎకరాల భూమి, అందులో ఇంటికీ పశువులకూ నీరిచ్చే ఒక బోరు ఉన్నాయి. ఆ ప్రాంతమంతటికీ ఆధారమైన కరిజో-విల్కాక్స్ భూగర్భ జలస్తరం నుంచి నీరు తోడి, పైపులైను ద్వారా మరో కౌంటీకి టోకున అమ్ముతామని ఒక సంస్థ అనుమతి కోరిందన్న ప్రకటన చూసి, ఆ విచారణలో కక్షిదారుగా చేరాలని నిశ్చయించుకున్నాను.

ఇది ఊహాజనితమైన భయమేమీ కాదు. బర్లెసన్ కౌంటీ నుంచి శాన్ ఆంటోనియోకు 142 మైళ్ల పొడవున వేసిన విస్టా రిడ్జ్ పైపులైను 2020 ఏప్రిల్ నుంచి నీరందిస్తోంది. దాని సామర్థ్యం ఏటా 50,000 ఎకరా-అడుగులు, అంటే మన లెక్కలో దాదాపు 2.2 టీఎంసీలు. కృష్ణా నీళ్ల తగవులు వింటూ పెరిగినవారికి ఇది చిన్న అంకెగానే తోచవచ్చు గానీ, ఈ నీరు నదిది కాదు, ఇసుక పొరల్లోంచి తోడేది. తోడుడు మొదలయ్యాక చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం దిగిపోయి, మోటార్లను ఇంకా లోతుకు దించవలసి వచ్చింది.

ఎవరి భూమి కింద నీరు వారు ఎంతైనా తోడుకోవచ్చునని టెక్సాస్ సుప్రీంకోర్టు 1904లోనే తేల్చింది. దానికి ఇప్పుడున్న కళ్లెం భూగర్భజల సంరక్షణ డిస్ట్రిక్టులు, అంటే నీరు తోడడానికి అనుమతులిచ్చే స్థానిక సంస్థలు, వాటికి అధికారమిచ్చే వాటర్ కోడ్ అనే రాష్ట్ర జలచట్టంలోని 36వ అధ్యాయం. అందులోని 122వ సెక్షన్‌ను నేను పలుమార్లు చదివాను. నీరు పొలిమేర దాటుతోందన్న ఒక్క కారణంతో అనుమతి నిరాకరించే వీలు డిస్ట్రిక్టుకు లేదు. అక్కడా ఇక్కడా నీటి లభ్యత ఎంత, జలస్తరం ఎంత తరిగిపోతుంది, ఇప్పటికే అనుమతులున్నవారిపై, ఆ నీరు వాడుకునే ఇతరులపై ప్రభావమేమిటి, ప్రాంతీయ నీటి ప్రణాళిక ఏమంటోంది అన్నవే అది పరిశీలించాలి. బహిరంగ సమావేశంలో మా పొరుగున ఉండే ఒక పెద్దాయన, తాతల నాటి భూమి గురించి గొంతు పూడుకుపోతుండగా మాట్లాడితే హాలంతా చప్పట్లు కొట్టింది. అయితే ఆ మాటలు ప్రజాభిప్రాయం కిందే నమోదయ్యాయి తప్ప సాక్ష్యంగా లెక్కకు రాలేదు. నాకది అన్యాయంగానే తోచింది, కానీ చట్టం అడిగేది అడుగుల లెక్క.

కనుక అడుగులే లెక్కగట్టాను. బోరు వేసినవారు రాష్ట్రానికి దాఖలు చేసిన నివేదిక సంపాదించాను. దాని ప్రకారం మోటారు 260 అడుగుల దగ్గర ఉంది. రాత్రంతా మోటారు ఆపి ఉంచి, తెల్లవారాక కేసింగ్ పైపులోకి కొలత టేపు దించితే, దాని కొన నీటిని తాకి బజరు మోగేసరికి 190 అడుగులు చూపింది. అంటే మోటారుపైన మిగిలిన నీరు 70 అడుగులు. దరఖాస్తుదారులు జతచేసిన నమూనా పటంలో (నీటిమట్టం ఎక్కడ ఎంత తగ్గుతుందో గీతలతో చూపే అంచనా) మా భూమి పడిన గీత, ముప్పై ఏళ్లలో మట్టం 90 అడుగులు తగ్గుతుందని చెబుతోంది. మా బోరు మూగబోతుందని వారి కాగితమే ఒప్పుకుంటున్నప్పుడు నేను వేరే నిపుణుణ్ణి వెతుక్కోనక్కరలేకపోయింది.

ఎవరెవరు కక్షిదారులో తేల్చే ప్రాథమిక విచారణకు రాష్ట్ర పరిపాలనా విచారణల కార్యాలయం నుంచి న్యాయమూర్తి వచ్చారు. పది ఎకరాలు మించిన భూమిలో రోజుకు 25,000 గ్యాలన్లకు మించి తోడలేని గృహావసరాల బోరుకు ఇక్కడ అనుమతి అక్కరలేదు. బోరు వేయడానికే ముందు అనుమతి అడిగే మన 2002 నాటి వాల్టా చట్టానికి అలవాటుపడినవారికి ఇది వింతగా ఉంటుంది. అవతలి న్యాయవాది సరిగ్గా ఆ మినహాయింపునే పట్టుకుని, అనుమతే లేని వ్యక్తికి కాపాడుకోవలసిన హక్కేముంటుందని వాదించారు. బోరు నమోదు పత్రం, కొలత, వారి పటం మూడూ పక్కపక్కన పెట్టి, నాకు జరిగే నష్టం ఊరందరికీ జరిగేది కాదని, ఈ బోరుకే జరిగేదని చూపించాను. న్యాయమూర్తి నన్ను కక్షిదారుగా అంగీకరించారు. అక్కడి నుంచి అవతలివారి స్వరం మారింది. పూర్తిస్థాయి విచారణ ఖర్చు వారికీ భారమే కాబట్టి మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నారు.

అనుమతి ఆగలేదు, ఆగుతుందని నేను అనుకోనూ లేదు. అయితే ఒకేసారి కాక దశలవారీగా తోడాలని, మా వైపు ఒక పరిశీలక బోరు వేయాలని, మట్టం నిర్ణీత స్థాయికి దిగితే చుట్టుపక్కల మోటార్లు దించే ఖర్చు వారే భరించాలని షరతులు చేరాయి. 2023లో సవరించిన చట్టం బయటికి తరలించే నీటిపై డిస్ట్రిక్టు వేసే ఎగుమతి రుసుమును వెయ్యి గ్యాలన్లకు 20 సెంట్ల వరకు పెంచుకోనిచ్చి, ఆ పెంచిన సొమ్మును దెబ్బతిన్న బోర్లను పనిచేయించడానికీ జలస్తరాన్ని పరిశీలించడానికీ కేటాయించింది. షరతుల బేరంలో మాకు అది బాగా అక్కరకొచ్చింది. పైపులైను పని మొదలైతే ఈ తరలింపు అనుమతి కనీసం ముప్పై ఏళ్లు నడుస్తుంది, కానీ తరలించే పరిమాణాన్ని మధ్యమధ్య సమీక్షించి తగ్గించే అధికారం డిస్ట్రిక్టుకు ఉంది. ఆ సమీక్షలో చూపడానికి మా బోరు కొలతలు తేదీలతో సహా రాసిపెడుతున్నాను, పొరుగువారికీ టేపు అరువిస్తున్నాను.